ఒక్క మరమ్మతుకు వంద గుమ్మాలా?

"డిస్కు చవక, మెమరీ చవక, ఇంకా ఈ ఉమ్మడి లైబ్రరీల జంజాటం దేనికి? కావలసినదంతా ఒక్క ఫైలులో మూటగట్టి పంపించెయ్యండి." ప్రోగ్రాములు రాసేవారి మధ్య ఈ మాట ఇప్పుడు వేదవాక్కు వలె చలామణీ అవుతున్నది. దీనికి ఎదురు చెప్పినవారిని ఛాందసులుగా జమకట్టడమూ ఆనవాయితీ అయింది. ఈ టపా ఆ ఛాందసుల పక్షాన రాస్తున్నాను. ఏదైనా చవక అని ఎవరైనా అన్నప్పుడు, ఎవరికి చవక అని అడగడం నాకు అలవాటు. నగరంలో, ఎడతెగని ఇంటర్నెట్టు పక్కన కూర్చొని వేసిన లెక్కకు వచ్చే జవాబు ఒకటి. పాడేరు కొండల మీద కూర్చొని అదే లెక్క వేస్తే వచ్చే జవాబు మరొకటి. ఈ రెండవ జవాబు ఎవరూ రాయడం లేదు కనుక నేను రాస్తున్నాను.

సాంకేతిక విషయం అనగానే కిటికీ మూసేసే సాహితీమిత్రుల కోసం ముందు నాలుగు మాటలు. తెరమీద అక్షరం గీయడం, బొమ్మను విప్పి చూపడం, కబురును గుప్తంగా పంపడం వంటి పనులను ఏ ప్రోగ్రాము రచయితా మొదటినుంచీ రాసుకోడు. ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలనుంచి తెచ్చుకుంటాడు. ఆ తెచ్చుకోవడం రెండు విధాలు. ఒక కావ్యం అచ్చు వేస్తున్నామనుకోండి. కఠినపదాలకు అర్థాలు కావాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువులో కావలసిన పుటలను కత్తిరించి ప్రతి కావ్యం వెనుకా కుట్టి అమ్మడం ఒక పద్ధతి. ఇది స్టాటిక్ లింకింగు. "నిఘంటువు చూడుడు" అని సూచన మాత్రం వేసి, చదివేవారి అలమరలో ఉన్న ఒకే ఒక నిఘంటువును అన్ని కావ్యాలకూ వాడుకోనివ్వడం రెండవ పద్ధతి. ఇది డైనమిక్ లింకింగు. మొదటిదానిలో పుస్తకం బరువు, కానీ ఎక్కడికైనా ఒంటరిగా వెళ్ళగలదు. రెండవదానిలో పుస్తకం తేలిక, కానీ అలమరలో నిఘంటువు లేకపోయినా, దాని కూర్పు మారినా చిక్కే.

ఈ జగడం కొత్తది కాదు. 1960లలోనే మల్టిక్స్ వ్యవస్థలో డైనమిక్ లింకింగు ఉంది. దాని తరువాత వచ్చిన తొలినాటి యూనిక్సు దాన్ని వదిలి స్టాటిక్‌గానే నడిచింది. 1988లో సన్ఓఎస్ 4.0 ఉమ్మడి లైబ్రరీలను మళ్ళీ తెచ్చింది. లినక్సు 1990ల నడుమ ఈఎల్ఎఫ్ పద్ధతికి మారినప్పటినుంచీ అదే బాట. విండోసువారి డీఎల్ఎల్ ఫైళ్ళు మనందరికీ పాత పరిచయమే. మరొకపక్క బెల్ లాబ్స్ నుంచి వచ్చిన ప్లాన్ 9 డైనమిక్ లింకింగును దగ్గరకు రానీయలేదు. అదే వంశానికి చెందినవారి చేతుల్లో 2009లో వెలువడిన గో భాష కూడా, పెద్దగా మినహాయింపులు లేకుండా, ప్రతి ప్రోగ్రామునూ ఒంటిఫైలుగా కడుతుంది. నేటి ఫాషన్‌కు బలం అక్కడిది.

ఎదుటిపక్షం వాదనను కుదించి చెప్పడం న్యాయం కాదు, దాని బలమంతా ఇక్కడ పెడతాను. డైనమిక్ ప్రోగ్రాము మొదలైనప్పుడల్లా లోడరు అనే మధ్యవర్తి లేవాలి. ఏయే లైబ్రరీలు కావాలో చదవాలి, వాటిని వెదకి మెమరీలో పరచాలి, ఒక్కొక్క పేరుకూ చిరునామా తేల్చి పట్టికలో రాయాలి. ఆ తరువాత కూడా లైబ్రరీలోని పనిని పిలిచిన ప్రతిసారీ ఆ పట్టిక మీదుగా ఒక అడుగు అదనం. ఎక్కడ పరచినా నడిచేటట్టు కోడును రాయవలసి ఉండటంవల్ల పాత 32 బిట్ల ఇంటెల్ యంత్రాలలో ఒక రిజిస్టరు కూడా దీనికే బలి అయ్యేది. 64 బిట్ల యంత్రాలలో ఆ భారం చాలామటుకు తీరింది. స్టాటిక్‌గా కడితే ఇవేవీ లేవు. పైగా కంపైలరు లైబ్రరీ లోపలికి కూడా తొంగిచూసి అక్కరలేనిది కోసెయ్యగలదు. 2020లో డ్రూ డివాల్ట్ అనే ప్రోగ్రామరు తన సొంత యంత్రాన్ని కొలిచి చూసి, స్టాటిక్ ప్రోగ్రాము సుమారు సగం సమయంలో మొదలవుతున్నదనీ, ఉమ్మడి లైబ్రరీలు అందించే పేర్లలో ప్రోగ్రాములు సగటున 4.6 శాతమే వాడుకుంటున్నాయనీ ప్రకటించాడు. కొలిచి మాట్లాడినవాడంటే నాకు గౌరవం. ఆ అంకెలతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ కొలతబద్ద దేన్ని కొలుస్తున్నదన్న దగ్గర. సమయం సగానికి తగ్గిందంటే ఎంతలో సగం? సెకనులో పదివేలవ వంతు స్థాయిలో జరిగే వ్యవహారం అది. చిన్నచిన్న ప్రోగ్రాములను క్షణానికి వందలసార్లు లేపే సర్వరుకు అది లెక్కే, కాదనను. ఉత్తరం టైపు చేసుకునే గుమాస్తాకూ పాఠం చదువుకునే పిల్లకూ కాదు. వారికి లెక్క అయినది మెమరీ. ఉమ్మడి లైబ్రరీలోని కోడు పుటలు భౌతికంగా మెమరీలో ఒక్కసారే ఉంటాయి. ఇరవై ప్రోగ్రాములు తెరచినా ఆ ఒక్క ప్రతినే అందరూ చదువుతారు. ఇరవై స్టాటిక్ ప్రోగ్రాములు తెరిస్తే ఇరవై ప్రతులు. వాడిన పుటలే మెమరీలోకి వస్తాయి కనుక నష్టం అంత ఉండదని ఎదుటివారు సరిగానే అంటారు. కానీ అందరూ వాడే పుటలే అందరిలోనూ పదేపదే వచ్చి కూర్చుంటాయన్నది కూడా సరైన మాటే. పదహారు గిగాబైట్ల యంత్రంలో ఈ తేడా కంటికి ఆనదు. రెండు గిగాబైట్ల పాత యంత్రంలో మరొక ప్రోగ్రాము తెరవగలమా లేదా అన్నదే ఆ తేడా.

అయినా నా ప్రధాన వాదం మెమరీ గురించి కాదు. మరమ్మతు గురించి.

2018 ఫిబ్రవరిలో జరిగినది గుర్తుందా? ఐఫోనులలో ఒక తెలుగు అక్షరం కనబడితే చాలు, దాన్ని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. జకారం, పొల్లు, దానికింద ఞకారం, ఆపై కంటికి కనబడని ఒక విభాజకం, చివర దీర్ఘం: ఇదీ ఆ వరుస. జ్ఞానంలోని మొదటి అక్షరమే ఫోనును మూర్ఛపోగొట్టిందని ప్రపంచమంతా నవ్వుకుంది. ఆపిల్ సొంత సందేశాల ప్రోగ్రాము కూలింది, వాట్సాపు కూలింది, జీమెయిలు కూలింది. ఎందుకని? అవన్నీ అక్షరాలు గీయడానికి కోర్‌టెక్స్ట్ అనే ఒకే ఉమ్మడి లైబ్రరీని ఆశ్రయించాయి గనుక. స్టాటిక్ పక్షంవారు దీన్ని తమ సాక్ష్యంగా చూపుతారు: చూశారా, ఒక్క ఇటుక కదిలితే ఊరంతా కూలింది!

సరే. మరి ఊరంతా ఎలా లేచింది? ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది. అందులో కోర్‌టెక్స్ట్‌ను సరిచేశారు. అంతే. వాట్సాపువారు తమ ప్రోగ్రామును తిరిగి కట్టనక్కరలేదు, జీమెయిలువారిని ప్రాధేయపడనక్కరలేదు. తయారుచేసినవాడు ఎప్పుడో చేతులు దులుపుకొని వెళ్ళిపోయిన అనాథ ప్రోగ్రాములు కూడా ఆ రాత్రితో బాగుపడ్డాయి. ఇదే లైబ్రరీ ప్రతి ప్రోగ్రాములోనూ కుట్టి ఉన్నదనుకోండి. ప్రతి సంస్థ గుమ్మం ముందూ నిలబడి "అయ్యా, మా అక్షరం మీ ప్రోగ్రామును చంపుతున్నది, కొంచెం తిరిగి కట్టండి" అని అడుక్కోవాలి. ఇంగ్లీషు అక్షరమైతే అందరూ పరుగున చేస్తారు. మన అక్షరానికి ఎందరు చేసేవారో, ఇన్నేళ్ళుగా కంప్యూటరులో తెలుగు రాస్తున్న మీకు నేను చెప్పాలా?

ఇంకా వెనక్కి వెళ్ళండి. విండోసు ఎక్స్‌పీ రోజులు మనలో చాలామందికి అక్షరాభ్యాసపు రోజులు. కంట్రోలు పానెలులో సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, సీడీ పెట్టి, యంత్రాన్ని తిరిగి లేపితే తెలుగు వచ్చేది. వచ్చినా కొన్ని సంయుక్తాక్షరాలు తప్పుగా ఉంటే, ఆఫీసు 2003తో వచ్చిన కొత్త యూఎస్‌పీ10 డీఎల్ఎల్ ఫైలును తెచ్చి ప్రోగ్రాము సంచయంలో పడేసేవారు. ఒత్తులు వచ్చి సరైన చోట కూర్చునేవి. ఆ ప్రోగ్రాము రచయితకు తెలుగు అనే భాష ఒకటున్నదని తెలియదు, తెలియనక్కరా లేదు. అతని అనుమతి లేకుండా, అతని నిద్ర చెడగొట్టకుండా, మన అక్షరాన్ని మనమే బాగుచేసుకున్నాం. స్టాటిక్‌గా కట్టిన ప్రోగ్రాములో మార్చడానికి ఫైలేది? గ్నూవారి ఎల్‌జీపీఎల్ అనుమతిపత్రం ఈ హక్కునే చట్టం చేసింది: లైబ్రరీని మార్చుకొని ప్రోగ్రాముతో తిరిగి కలుపుకొనే వీలు వాడుకరికి ఉండి తీరాలి. స్టాటిక్‌గా కలిపితే అందుకు కావలసిన ముడిసరుకు కూడా ఇవ్వాలని అది షరతు పెట్టింది. ఆ షరతు పెట్టినవారు నానోసెకనులు లెక్క పెట్టడం రానివారు కారు.

ఫోనుల కథ కూడా ఇదే. తెలుగు తెలియని ఫోనులలో ఒపేరా మినీని వాడి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాపు ఫాంట్లు అనే ఎంపికను పెట్టుకొని, అక్షరాలను బొమ్మలుగా దింపుకొని చదివినవారు మనలో ఉన్నారు. అక్షరానికి బదులు బొమ్మ దిగడమంటే డేటా అదనంగా ఖర్చు కావడమే. 2012లో ఆండ్రాయిడు 4.1 కన్నడ, తెలుగు, మలయాళాలకు వేదిక స్థాయిలోనే ఆసరా ఇచ్చింది. వేదిక అందించే అక్షరలేఖనాన్ని ఆశ్రయించిన ప్రోగ్రాములన్నింటికీ, వాటి రచయితలు ఒక్క పంక్తి రాయకుండానే, తెలుగు వచ్చింది. ఈనాడు ఏజెన్సీ గ్రామంలో చేతిఫోను మీద తెలుగు చదువుతున్న మనిషి, ఆ ఉమ్మడి నిర్ణయపు ఫలాన్నే అనుభవిస్తున్నాడు.

ఇక పాడేరు లెక్క. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దానికి కేంద్రమైంది. కలెక్టరు కార్యాలయం వచ్చింది, దాని వెంట కంప్యూటర్లు వచ్చాయి. అదే ఏడాది జులైలో కేంద్ర మంత్రివర్గం దేశంలో 4జీ అందని 24,680 గ్రామాలకు దాన్ని చేర్చడానికి 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అంటే "ఇంటర్నెట్టు అంతటా ఉంది" అనే మాటను ప్రభుత్వమే లెక్కగట్టి కాదన్నదన్నమాట. అటువంటి గ్రామాలు ఎటువంటివో కొండ కింద నుంచి ఘాటు రోడ్డెక్కి వచ్చినవారికి వేరే చెప్పనక్కరలేదు. మలుపు తిరిగితే సిగ్నలు ఉంటుంది, మరో మలుపులో ఉండదు.

డివాల్టే ఇచ్చిన అంకె తీసుకుందాం. 2019లో బయటపడిన భద్రతాదోషాలకుగాను తన యంత్రంలోని ప్రోగ్రాములన్నీ స్టాటిక్‌గా ఉండి ఉంటే, తిరిగి దించుకోవలసింది మొత్తం 3.8 గిగాబైట్లనీ, సీ లైబ్రరీని పక్కనపెడితే ఒక గిగాబైటేననీ ఆయన లెక్క. ఏడాది మొత్తానికి అంతే కదా అని ఆయన ధోరణి. సెకనుకు 2 మెగాబిట్ల సిగ్నలు మీద 3.8 గిగాబైట్లు దిగడానికి, మధ్యలో ఒక్కసారీ తెగకపోతే, నాలుగున్నర గంటలు పడుతుంది. ఒక బడిలో ఇరవై యంత్రాలుంటే తొంభై గంటలు. పోనీ, చిన్న అంకెనే తీసుకుంటే ఇరవై యంత్రాలకు ఒక రోజు. "ఒకసారి దించి ఇరవైటికీ పంచుకోవచ్చు కదా" అంటారా? అనండి. పంచుకోవడమే మందు అని మీ నోటితోనే ఒప్పుకున్నట్టు. యంత్రాల మధ్య పంచుకొంటే తెలివి, ప్రోగ్రాముల మధ్య పంచుకొంటే ఛాందసమా?

పైగా ఆ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: దోషం బయటపడగానే ప్రోగ్రాములన్నీ ఎవరో తిరిగి కట్టి సిద్ధంగా పెడతారన్నది. చరిత్ర అలా లేదు. 2002లో జెడ్‌లిబ్ లైబ్రరీలో దోషం దొరికినప్పుడు, దాన్ని తమలో కలిపేసుకున్న ప్రోగ్రాములేవో కనిపెట్టడమే ఒక పెద్ద పని అయింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2023 సెప్టెంబరులో, లిబ్‌వెబ్‌పీ అనే బొమ్మల లైబ్రరీలో అటువంటిదే దొరికింది. ఉమ్మడిగా వాడుకొనే లినక్సు పంపిణీలో వాటికి ఒక చిన్న పాకేజీ చాలింది. ఎలక్ట్రాన్ మీద కట్టి, బ్రౌజరు మొత్తాన్ని కడుపులో పెట్టుకొని తిరిగే ప్రోగ్రాములన్నీ మాత్రం ఎవరికి వారే కొత్త కూర్పులు విడుదల చేయవలసి వచ్చింది. విడుదల చేయనివి ఆ రోగంతోనే తిరుగుతుంటాయి.

ఎదుటివారి చేతిలో ఇంకొక మంచి బాణం ఉంది, దాన్నీ దాచను. సిగ్నలు లేని ఊరికి పెన్‌డ్రైవులో వేసుకొని పోవడానికి ఒంటిఫైలు కంటే సుఖమైనది లేదు. నిజమే. డైనమిక్ ప్రోగ్రామును అలా మోసుకుపోతే "ఫలానా లైబ్రరీ ఫలానా కూర్పు లేదు" అని మొరాయించే ప్రమాదం ఉంది, డీఎల్ఎల్ నరకం అని విండోసులో పేరుబడ్డ వ్యాధి కూడా అదే. కానీ అది మొదటిరోజు సుఖం. ప్రోగ్రాము అక్కడ అయిదేళ్ళు బతకాలి. రెండవ ఏట దోషం తెలిసినప్పుడు, ఒక మెగాబైటు లైబ్రరీని పెన్‌డ్రైవులో పైకి తీసుకుపోవడం సుఖమా, నలభై ప్రోగ్రాములను మళ్ళీ ఎవరెవరినుంచో సంపాదించి మోయడం సుఖమా? డీఎల్ఎల్ నరకానికి మందు కూర్పులకు క్రమశిక్షణ నేర్పడం. పాత పేర్లను చెడగొట్టకుండా కొత్తవి చేర్చే పద్ధతి సీ లైబ్రరీ ఎన్నో ఏళ్ళుగా పాటిస్తూనే ఉంది. ఎలుకలు పడ్డాయని ఉమ్మడి గాదెను తగలబెట్టుకోము కదా.

స్టాటిక్ లింకింగు ఎక్కడా పనికిరాదని నేను అనడం లేదు. ఫ్రీబీఎస్‌డీవారు 2004లో 5.2 కూర్పుతో మూలసంచయాలలోని ప్రోగ్రాములను డైనమిక్‌గా మార్చారు. మారుస్తూనే, యంత్రం చెడి లైబ్రరీలే దొరకనప్పుడు లేపుకోవడానికి రెస్క్యూ అనే సంచయంలో కొన్ని పనిముట్లను స్టాటిక్‌గా కట్టి ఉంచారు. ఇదీ వివేకం. అత్యవసరానికి ఒంటిఫైలు, నిత్యజీవితానికి ఉమ్మడి లైబ్రరీ. బ్రౌజర్లు కూడా అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని తమలోనే పెట్టుకుంటాయి. నెలకోసారి తాజా చేయగల ధనబలం వాటి వెనుక ఉంది. ఆ బలం లేని చిన్న ప్రోగ్రాము వాటిని చూసి వాత పెట్టుకోవడమే విచారకరం. ఒంటిమూట పద్ధతికి కొత్త రూపమని మెచ్చుకున్న ఫ్లాట్‌పాక్ సైతం చివరికి ఉమ్మడి రన్‌టైములను ఏర్పాటు చేసుకోక తప్పలేదని కూడా గమనించండి.

ఇదంతా తెలుగుకే పరిమితమైన గొడవ కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు. వాటిలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా ఈ కొండలలో వినబడే మాటలు. ఆ వాచకాలకు ఎంచుకున్నది తెలుగు లిపి. తెలుగు లిపి కంప్యూటరులో తప్పుగా కూర్చబడితే, నష్టం ఆ పిల్లలకు కూడా. లిపి కూడా ఆగిపోయిన వస్తువు కాదు. 2014లో యూనికోడు 7.0 తెలుగుకు ఱకన్నా భిన్నమైన పాత ఴకారాన్ని చేర్చింది. 2021లో 14.0 కూర్పు నకారప్పొల్లునూ నుక్తానూ చేర్చింది. ఉమ్మడి లైబ్రరీ ఒకసారి ఆ కొత్త అక్షరాన్ని నేర్చుకుంటే దాని మీద ఆధారపడినవన్నీ నేర్చుకున్నట్టే. 2020లో కుట్టిన స్టాటిక్ ప్రోగ్రాము, ఎవరో తిరిగి కట్టేదాకా, 2020 నాటి జ్ఞానంతోనే ఉండిపోతుంది. పెద్ద భాషలకు అది అసౌకర్యం. పదివేలమందో లక్షమందో మాట్లాడే భాషకు అది శాశ్వతమైన తలుపుమూత, ఎందుకంటే దాని కోసం తిరిగి కట్టేవాడు రాడు.

అందుకే, వేగం గురించి మాట్లాడేవారిని నేను కోరేది ఒక్కటే. ప్రోగ్రాము మొదలవడానికి పట్టే నానోసెకనులతో పాటు, దోషం దిద్దిన రోజునుంచి ఆ దిద్దుబాటు కొండ మీది చివరి యంత్రానికి చేరేదాకా గడిచే రోజులను కూడా లెక్కలో రాయండి. అదీ వేగమే. సెకనులో పదివేలవ వంతు ఆదాచేసి నెలలు పోగొట్టుకొనే పద్ధతిని వేగమని పిలవడానికి గణితశాస్త్రం ఒప్పుకోదు. తెలుగులో పనిముట్లు కడుతున్న మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట: అక్షరం గీసే పనిని, గుప్తలేఖనాన్ని, బొమ్మలు విప్పే పనిని మీ ఫైలులో కుట్టెయ్యకండి, వ్యవస్థలోని ఉమ్మడి లైబ్రరీకి వదలండి. ఏదైనా స్టాటిక్‌గా కట్టక తప్పకపోతే, లోపల ఏ లైబ్రరీ ఏ కూర్పు ఉన్నదో బయట రాసిపెట్టండి, తిరిగి కట్టుకొనే వీలు మీ తరువాతివారికి మిగల్చండి. మీరు రేపు ఈ పని మానేయవచ్చు. మీ ప్రోగ్రాము వాడే మనిషి మాత్రం ఇక్కడే ఉంటాడు.